ఎడమచేతి గీతలు

అల్యూమినియం చక్రాలకు మెరుగు పెట్టడంలో అద్దాలాయనది అందె వేసిన చెయ్యి. చక్రంలో తన మీసం స్పష్టంగా కనబడితే తప్ప పని అయిందని ఒప్పుకోడు. అందుకే ఆ పేరు. పనితనం గొప్పదే, నోరే మంచిది కాదు. ఆ నోటి వల్లే పదకొండేళ్ళ కిందట అన్నయ్య దూరమయ్యాడు.

షెడ్డు ఇద్దరూ కలిసి పెట్టుకున్నదే. అన్నయ్యది ఎడమచేతివాటం. గరుకు కాగితంతో ఆయన రుద్దితే గీతలన్నీ ఎడమకు వాలి పడేవి. అవి మాయమయ్యేదాకా తమ్ముడు సన్న కాగితంతో మళ్ళీ రుద్దాలి. ఒకరోజు విసుగెత్తి, వచ్చినవాళ్ళ ముందే, "నీ ఎడమచేతి గీతలు చెరపడానికే నా బతుకు సరిపోతోంది" అనేశాడు. అన్నయ్య చేతిలోని చక్రం పక్కన పెట్టాడు. చేతులు కడుక్కుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు.

కోపం రెండు రోజుల్లో చల్లారింది. వెతుకులాట మాత్రం నేటికీ ఆగలేదు. వీధిలో ఎవరైనా ఎడమచేత్తో టీ గ్లాసు పట్టుకుంటే చాలు, అద్దాలాయన పని ఆపి ముఖం చూసి వస్తాడు. అన్నయ్య మీద అంత బెంగ.

మొన్న ఒక టీచరమ్మ తన పాత కారు చక్రాలు నాలుగూ దింపి వెళ్ళింది. వాటి మీద నల్లరంగు పెచ్చులూడుతోంది. రంగు ఊడే మందు రాసి, గీకి, సబ్బునీళ్ళతో కడిగి, చక్రాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు. కింద గీతలన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. రంగు చూడబోతే ఐదారేళ్ళ నాటిదిలా ఉంది. అంటే ఐదారేళ్ళ కిందట అన్నయ్య ఎక్కడో ఈ పనే చేస్తున్నాడన్నమాట. ఆ షెడ్డు ఎక్కడో తెలిస్తే చాలు, వెళ్ళి కాళ్ళ మీద పడిపోవచ్చు.

టీచరమ్మను అడిగితే, కారు తనకు అమ్మిన డ్రైవరు నంబరు ఇచ్చింది. వెంటనే నొక్కాడు. తను ఎవరో చెప్పుకోకుండా అసలు సంగతికి వచ్చాడు.

"మీరు టీచరమ్మకి అమ్మిన కారు చక్రాలకి నల్లరంగు ఎక్కడ వేయించారండీ?"

"ఊళ్ళో మలుపు దగ్గర అన్నదమ్ముల షెడ్డు ఉండేది కదా, అక్కడే. పదేళ్ళు దాటింది. అద్దంలా చేయమని ఇస్తే, ఆ తమ్ముడు నల్లరంగు పూసి ఇచ్చాడు. ఇంతకీ మీరెవరు?"

అద్దాలాయనకు అప్పుడు గుర్తొచ్చింది. అన్నయ్య వెళ్ళిపోయిన రోజు సగంలో వదిలేసిన చక్రాలివి. ఆ గీతలు చూడబుద్ధి కాక, మెరుగు పెట్టకుండానే, ఆ సాయంత్రం తనే రంగు కొట్టేశాడు. ఇందాకటి నుంచి గీకింది తన రంగునే. దొరికిందనుకున్న అన్నయ్య జాడ ఒక్క అడుగైనా షెడ్డు గడప దాటలేదు.

"నేను... ఆ తమ్ముణ్ణేనండీ."

"నువ్వా!" అవతలాయన నవ్వాడు. "పోనీలే, పాత సంగతి. మీ అన్నయ్య బాగున్నాడా? నెమ్మదస్తుడు. చక్రాలు తీసుకున్న రోజు కనబడలేదు."

"బాగున్నాడండీ."

"నేను అడిగానని చెప్పు."

"చెప్తానండీ," అన్నాడు.

టీచరమ్మ సాయంత్రం వస్తానంది. ఆ గీతలు పోతే గానీ అద్దం రాదు. సన్న కాగితం నీళ్ళలో ముంచి, చాలాసేపు చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.