డాక్టరుగారి కొత్త సైలెన్సర్

బోటు క్లబ్బులో ఆయనను అందరూ డాక్టరుగారనే పిలుస్తారు. చదివింది పదో తరగతి, అది కూడా ఎలా గట్టెక్కాడో ఆయనకే తెలియాలి. చేసేది బోటు ఇంజన్ల మరమ్మతు. మూరెడు పొడవున్న స్క్రూడ్రైవర్ మొనను నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని వినేవాడు. "మూడో సిలిండరు అలిగింది" అనో, "పంపుకు జలుబు చేసింది" అనో తేల్చి చెప్పేవాడు. విప్పి చూస్తే అక్షరాలా అదే. అలా అంటుకున్న పేరు ముప్పై ఏళ్లుగా ఆయనకు అన్నం పెడుతోంది.

ఆ పేరు కింద ఒక గుట్టు ఉంది. రెండేళ్లుగా ఆయన చెవులు మొరాయిస్తున్నాయి. మోత, గర్జన, దడదడ లాంటి బండ శబ్దాలకు లోటు లేదు, సన్నవే జారిపోతున్నాయి. ఫోను మోగితే తెలియదు, తలుపు దగ్గర బెల్లు కొట్టినా తెలియదు. అయినా స్క్రూడ్రైవర్ పెట్టుకోవడం మానలేదు, కళ్లు మూసుకోవడమూ మానలేదు. ఇప్పుడు వినేది పావు వంతు, మిగతాదంతా అనుభవం మీద లాక్కొస్తున్నాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. వినబడని డాక్టరు దగ్గరికి ఎవరొస్తారు? ఏభై తొమ్మిదేళ్ల వయసులో ఇంకో విద్య నేర్చుకునే ఓపిక ఎక్కడిది? 

భార్యకు మాత్రం తెలుసు. ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు, గొంతు పెంచి మాట్లాడటం మొదలుపెట్టింది, అంతే. పాపం, పై అంతస్తు వాళ్లు ఆవిడను గయ్యాళిగా జమకట్టేశారు. "కాఫీ చల్లారిపోతోంది!" అని ఆవిడ ఒక్క కేక వేస్తే, ఆ మేడలో మరో ముగ్గురు మగవాళ్లు ఉలిక్కిపడి లేచేవారు.

ఇలా గుట్టుగా రోజులు దొర్లుతుండగా క్లబ్బు స్కీ బోటు మీదకు వచ్చింది పీకులాట. స్కీ బోటంటే, వెనక తాడు పట్టుకున్న మనిషిని నీటి మీద పలకలపై జారుస్తూ లాక్కెళ్లేది. ఇంజను బోటు నడిమధ్యన ఒక పెట్టెలో ఉంటుంది. పొగ గొట్టాలు అడుగునుంచి వెళ్లి వెనక బయటపడతాయి. ఈ బోటుకు సైలెన్సర్ లేదు, కొన్నప్పటి నుంచీ ఉత్త గొట్టాలే. స్టార్టు చేస్తే అవతలి ఒడ్డున పసిపిల్లలు నిద్ర లేచేవారు. సరస్సు చుట్టూ ఇళ్లవాళ్లు అర్జీ పెట్టారు. శనివారం ఉదయం కాలుష్య నియంత్రణ ఆఫీసరు వచ్చి మోత కొలుస్తాడనీ, హద్దు దాటితే బోటును నీళ్లలోకి దించనివ్వరనీ నోటీసు వచ్చింది. ఆ బోటు నడిపేది, దాని వెనక జట్టు అమ్మాయిలకు ఆట నేర్పేది డాక్టరుగారి కూతురే. ఇక ఆ పని ఇంకొకరి చేతికి ఎలా వెళ్తుంది?

నాలుగు రోజులు షెడ్డులోనే ఉన్నాడు. తుప్పు పట్టిన పాత గొట్టాలు కోసి పారేశాడు. పెద్ద సైలెన్సర్ ఒకటి వెనక అరలో కూర్చోబెట్టి, దాని కింద రబ్బరు దిండ్లు వేశాడు. వేడికి ఆగే లావు రబ్బరు గొట్టాలు తొడిగి, ఒక్కొక్క చోట రెండేసి క్లిప్పులు బిగించాడు. ఇంజను నుంచి పొగ పైకి లేచి వంగే ఇనుప మలుపు ఒకటుంటుంది. అది నీటిమట్టం కంటే ఎత్తున లేకపోతే సరస్సు వెనక్కి నడుచుకుంటూ వచ్చి ఇంజన్లో కాపురం పెడుతుంది. అందుకని బోటును నీళ్లలో దించి, భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టి మరీ ఎత్తు కొలిచాడు.

"నన్ను తూకం రాయిని చేశారన్నమాట!" అందావిడ.

"నీకంటే నమ్మకమైన బరువు ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ఆ మాట ఒడ్డున ఉన్నవాళ్లకు కూడా వినబడింది.

ఇంజనుకూ ఆ మలుపుకూ మధ్య, సందులోంచి పొగ చిమ్మకుండా ఒక ప్యాకింగ్ ఉంటుంది. కొత్త ప్యాకింగ్ మొదటిసారి వేడెక్కి చల్లారాక కాస్త అణుగుతుంది. అప్పుడు బోల్టులు మళ్లీ బిగించాలి. పుస్తకం చూసి పనిచేసేవాళ్లు కళ్లు మూసుకుని బిగించేస్తారు. డాక్టరుగారికి అది చిన్నతనం. అక్కరలేకుండా బిగిస్తే బోల్టు తెగుతుందని ఆయన వాదన. ఇంజను నడిపి వింటాడు. సన్నగా ఈల వినబడితే బిగిస్తాడు, లేకపోతే ముట్టుకోడు. ముప్పై ఏళ్ల అలవాటు, ఒక్కసారీ దెబ్బతినలేదు.

శుక్రవారం సాయంత్రం ఇంజనును అరగంట నడిపాడు, చల్లార్చాడు, మళ్లీ నడిపాడు. స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఈల లేదు. మోత అసలే లేదు, గొట్టాల్లో పొగను చల్లార్చే నీళ్లు గుడగుడమంటున్నట్టు లీలగా ఒక చప్పుడు, అంతే. ఇంత ప్రశాంతమైన ఇంజనును తన చేత్తో తయారుచేశానని మురిసిపోయాడు. బోల్టుల జోలికి పోకుండా చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లాడు.

శనివారం ఆఫీసరు ఒడ్డున మూడు కాళ్ల స్టాండు మీద యంత్రం పెట్టుకుని నిలబడ్డాడు. కూతురు బోటును మూడు సార్లు ఆ చివర నుంచి ఈ చివరకు నడిపింది. యంత్రంలో అంకె హద్దుకు చాలా కిందే ఆగింది. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టి, దాన్ని డాక్టరుగారి చేతికే ఇచ్చాడు.

"మా డాక్టరుగారి చెయ్యి పడితే తిరుగేముంది!" అని క్లబ్బు సెక్రటరీ వీపు తట్టాడు. జట్టు అమ్మాయిలు నలుగురు అప్పటికే లైఫ్ జాకెట్లు బిగించుకుంటున్నారు.

కూతురు బోటును తెచ్చి, బోట్లు ఆగే చెక్క వంతెనకు ఆనించింది. ఇంజను ఆపలేదు.

"నాన్నా, ఇలా రా. ఏంటీ ఈల?"

"ఏ ఈల?"

"పెట్టెలోంచి. సన్నగా, ఆగకుండా వస్తోంది కదా."

"కొత్త రబ్బరు కదమ్మా. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది."

ఎదుటివాళ్ల నోరు మూయించడానికి మెకానిక్కులు వాడే మాట అది. ఆయన నోట అలవాటుగా వచ్చేసింది. కూతురు తండ్రి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. "సరే, నువ్వన్నావుగా" అని, "రండర్రా, ఎక్కండి" అని అమ్మాయిలను పిలిచింది.

అప్పుడు తట్టింది ఆయనకు. ఈల ఉందంటే ప్యాకింగ్ దగ్గర పొగ చిమ్ముతోంది. ఆ పొగలో ఉండే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు, మనిషిని కూర్చున్నచోటే నిద్రపుచ్చేస్తుంది. పెట్టె పక్కనే అమ్మాయిలు కూర్చునే సీటు. చెబితే పేరు పోతుంది. బోల్టు వదులైందని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ ఈల విని కూడా వదిలేశావా అని కూతురు అడుగుతుంది. ఆ పిల్లకు ఆయన ఏ అబద్ధమైనా చెప్పగలడు గానీ, ఒళ్లు బద్ధకించి వదిలేశానని మాత్రం చెప్పలేడు. మొదటి అమ్మాయి ఒక కాలు బోటులో పెట్టింది.

"ఎక్కొద్దు!" అని అరిచాడు. "ఇంజను ఆపు తల్లీ. అందరూ దిగండి."

సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది డాక్టరుగారూ? పాసైపోయాం కదా!"

"ఒడ్డున పాసైంది. లోపల పొగ కారుతోంది." చేతిలోని కాగితం సెక్రటరీకి ఇచ్చేశాడు. "నిన్న అది ఈల వేసే ఉంటుంది. నాకు వినబడలేదు. రెండేళ్లుగా నాకు సన్న శబ్దాలు వినబడటం లేదు."

 సెక్రటరీ జేబులో తాళాలు గలగలలాడించాడు. డాక్టరుగారికి అది కూడా వినబడలేదు. కూతురు తండ్రి వైపు చూసింది. ఇన్నాళ్లూ పిలిస్తే పలకడం లేదని ఆయన మీద ఎన్నిసార్లు విసుక్కుందో ఆ పిల్లకు ఒక్కసారిగా గుర్తొచ్చినట్టుంది, ముఖం ఎర్రబడింది. వంగి పెట్టె మూత ఎత్తింది.

ఇంజను చల్లారేదాకా వంతెన మీద కూర్చున్నారు. తరవాత ఆయన బోల్టులు మూలమూలకు మార్చి మార్చి బిగించాడు. మళ్లీ స్టార్టు చేయించి, వేడెక్కనిచ్చాడు. స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, కూతురికి ఇచ్చాడు.

"పిడి చెవి వెనక పెట్టు. ఈల ఆగితే చెయ్యెత్తు."

ఆ పిల్ల మోకాళ్ల మీద వంగి కళ్లు మూసుకుంది. ఆయన స్పానర్ పావు వంతు తిప్పాడు. చెయ్యి లేవలేదు. ఇంకో బోల్టు పావు వంతు తిప్పాడు. చెయ్యి లేచింది.

ఆయనకు ఇంజనులో మార్పేమీ తెలియలేదు. ఇందాక ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. ఎత్తిన ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు.

"నిజంగా ఆగిందా?" అన్నాడు.

"ఆగింది నాన్నా," అంది కూతురు, గొంతు బాగా పెంచి.