పసుపు చీటీ అంటించిన చోట

నిన్న ఒక పత్రం మీద సంతకం కోరుతూ మెయిల్ వస్తే, చదవకుండానే బటన్ నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అమెరికాలోని నోవైలో నా మొదటి ఉద్యోగం, ఆ మంచు, మా మేనేజరు గుర్తొచ్చారు.

ఆయన మన తెలుగాయనే. బ్రేకు పైపులకు ఒత్తిడి పరీక్ష చేయకుండానే చేసినట్టు నా చేత రిపోర్టు రాయించి, "సంతకం నువ్వే పెట్టు తమ్ముడూ, నీ వీసా పేపర్లు నా టేబుల్ మీదే ఉన్నాయిగా" అని నవ్వారు. ఆయన చేసిన ఇలాంటివన్నీ వరుస నంబర్లతో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి, ఇది పదిహేడోది.

ఆ పైపులు బ్రెజిల్ వెళ్ళాలి. ఇంగ్లీషు, పోర్చుగీసు పక్కపక్కన ఉన్న ఫారం నింపుతూ, ఒక గడి అర్థం కాక అక్కడి మా కంపెనీ లాయరమ్మకు ఫోన్ చేశాను. ఆ గడి మీదున్న లయబిలిటీ అంటే కంపెనీ కట్టే పరిహారమనే నేను అనుకునేవాణ్ణి. ఇంగ్లీషులో దాని ముందు క్రిమినల్ అని, పోర్చుగీసులో దాని వెనక పెనాల్ అని ఉంటే అది పరిహారం కాదు, శిక్ష అని ఆవిడ ఓపికగా చెప్పారు. "ఆ గడిలో కంపెనీ పేరు కుదరదు. పరీక్షను ఆమోదించిన మనిషి పేరు రాయండి." ఆ గడిలోనే నా పేరు రాయమన్నారు మా మేనేజరు.

నేను ఆయన పేరే టైపు చేసి, సంతకం చోట పసుపు చీటీ అంటించాను. చీటీ ఉన్నచోటల్లా, చెవి దగ్గర ఫోనుతో, పేజీ చూడకుండా సంతకం పెట్టడం ఆయన అలవాటు.

"ఇక్కడేనా?"

"అక్కడే అన్నా."

సాయంత్రం కొరియర్ వెళ్ళేముందు, ఆ గడి కింద గీత గీసి ఆయన ముందు పెట్టాను.

"ఇదేంట్రా, ముందు చెప్పొద్దూ?"

"ఇంగ్లీషులో కూడా ఉంది కదన్నా, చదవండి."

కొరియర్ ఆగింది. మర్నాటి నుంచి వారం రోజులు ఆయనే కోటు విప్పి ల్యాబులో పరీక్షకు నిలబడ్డారు. పన్నెండు పైపుల్లో మూడు పగిలాయి. పగిలిన ప్రతి పైపు నంబరూ పైకి, నెమ్మదిగా, రెండేసి సార్లు చదివాను. అంత తియ్యటి అంకెలు నేను మళ్ళీ పలకలేదు. నా పేపర్లు ఆయన ఆపలేదు, నా కళ్ళలోకి చూడడం ఒక్కటే ఆపేశారు.

ఇప్పుడు పసుపు చీటీలు లేవు, ఎదురుగా నిలబడి చోటు చూపించే మనిషీ లేడు. నిన్నటి పత్రంలో ఆమోదించినవారి గడిలో ఉన్నది నా పేరు. పదకొండు పేజీలూ చదివాను. దాన్ని నింపిన, నా కింద పనిచేసే ఇంజనీరు నోటుబుక్కులో నేను చేసినవి ఎన్నో నంబరు దాకా వచ్చాయో మాత్రం ఎక్కడా లేదు.