పెద్దమ్మ చదవలేకపోయిన ‘ప’

మా దీవిలోని తెలుగు చర్చి సంఘం పాటల పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించాలనుకున్నప్పుడు, అక్షరాలు నేను గీస్తానని ముందుకొచ్చాను. షాదీపూర్‌లో మా ఇంట్లోనే కూర్చుని పెళ్లి కార్డులు, దుకాణాల బోర్డులు కంప్యూటర్‌లో తయారు చేయడం నా పని. పాత పుస్తకం సీసపు అచ్చుల కాలం నాటిది. అందులో అక్షరం ఒంపు దగ్గర లావు, మలుపు దగ్గర సన్నం. గీత ఆగిన చోట చిన్న మొన ఉంటుంది. ఇంగ్లిషు అక్షరాలకైతే ఆ మొనను సెరిఫ్ అంటారు. ఇప్పటి కంప్యూటర్ అక్షరాలు ఒకే మందంతో తీగల్లా ఉంటాయి. మా పెద్దవాళ్ల కంటికి అవి ఆనవు. పాత అక్షరాన్నే మళ్లీ బతికించాలని నా పట్టుదల.

చెదలు పట్టని పాత పుస్తకం ఒక్కటే, దూరాన మాయాబందర్‌లో మా పెద్దమ్మ దగ్గర మిగిలింది. ఆవిడ దాన్ని నా చేతికివ్వలేదు. పేజీలు తనే తిప్పుతూ, నేను ఫోటోలు తీసినంతసేపూ ఎదురుగా కూర్చుంది. ఆ ఫోటోలు ముందు పెట్టుకుని నెలల తరబడి గీశాను. పాత కాగితం మీద సిరా పాకి అక్షరాలన్నీ ఉబ్బి ఉన్నాయి. ఆ ఉబ్బు ఎంత ఉంచాలి, ఎంత తీసేయాలి అన్నదే చిక్కు. మొదట సన్నగా గీస్తే పెద్దవాళ్లు కనబడటం లేదన్నారు. గడువు దగ్గర పడిందని అన్నిటినీ ఒక్కసారిగా లావు చేసేశాను.

సోమవారం ఫైలు సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లోని ప్రెస్సుకు వెళ్లాలి. ముందురోజు ఆదివారం ఆరాధనలో ఒకసారి చదివించి చూద్దామన్నారు పాస్టరుగారు. పెద్దమ్మ ఎడమ కంటి శుక్లం ఆపరేషన్ కోసం మా ఊరొచ్చి, మిన్నీ బేలో కొడుకింట్లో ఉంది. పాటలన్నీ ఆవిడకు నోటికి వచ్చు. అందుకని ఆ వారం ప్రకటనను కొత్త అక్షరాల్లో అచ్చు తీసి చదవమని ఆవిడకిచ్చాను.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని నిలబడింది.

“వడవ...” అని ఆగింది. కాగితాన్ని దూరంగా పట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది. “వడవ వది గంటలకు...”

వెనక వరసల్లో కుర్రకారు నవ్వారు. పెద్దమ్మ కాగితం మడిచేసింది. “నా నజరు పోయింది పాస్టరుగారూ. ఇంకెవరిచేతైనా చదివించండి” అని కూర్చుంది.

నా చేతిలో ఉన్న ఇంకో ప్రతి చూసుకున్నాను. ‘ప’కు తలకట్టు ఒంటికి అంటకూడదు. ఆ మధ్య ఉండే సన్నటి సందుతోనే అది ‘వ’ కాకుండా ‘ప’ అవుతుంది. తెర మీద కనిపించిన సందు అచ్చులో పూడిపోయింది. పడవ, పది, అన్నీ ఆవిడ ఉన్నదున్నట్టే చదివింది.

పాస్టరుగారు నా దగ్గరికి వచ్చి, “పాపం, ఆవిడకి వయసైపోయింది. అక్షరాలు బాగానే ఉన్నాయి కదా సిస్టర్? రేపు పంపించేద్దామా?” అన్నారు.

తలూపాను.

మధ్యాహ్నం పెద్దమ్మ కొడుకు, అన్నయ్య, ఫోన్ చేశాడు. “అమ్మ అన్నం ముట్టలేదు. ఆపరేషన్ బేకార్, వద్దంటోంది. రేపు పొద్దున్న బస్సుకి మాయాబందర్ వెళ్లిపోతాదంట.”

నేను వెళ్లేసరికి పెద్దమ్మ సంచిలో చీరలు పెట్టుకుంటోంది.

“నీ కళ్లకేం కాలేదు పెద్దమ్మా. నా అక్షరమే తప్పు.”

“నాకు సర్దిచెప్పకే.”

నేను బ్లేడు తీసి, ప్రకటన కాగితం మీద ప్రతి ‘ప’ దగ్గరా పూడిన సందులో నలుపు గీకేశాను. రెండు చోట్ల కాగితం చిరిగింది. ఆవిడ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

“పడవ” అంది. “పది గంటలకు.” కాగితం దించి నా వైపు తిరిగింది. “నీకిది ఎప్పుడు తెలిసింది?”

“చర్చిలోనే.”

“మరి నోరెందుకు విప్పలేదే? అంతమంది ముందూ నన్ను గుడ్డిదాన్ని చేసి కూచోబెట్టేసినావు గదా!”

నా ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

“పాస్టరుగారికి ఫోన్ చెయ్యి. అభీ, ఇప్పుడే. నా ముందరే చెప్పు.”

చెప్పాను. ఆయన “ఎన్ని రోజులు కావాలి?” అని మాత్రం అడిగారు. నాలుగు రోజులన్నాను.

ఆ నాలుగు రోజులూ పెద్దమ్మ షాదీపూర్ వచ్చి నా పక్కన కూర్చుంది. ప, ఫ, ష, స, హ ఒక్కొక్కటే సందు విప్పి అచ్చు తీసి ఇస్తే, చదివి “అవును” లేదా “కాదు” అనేది. ఇంకో మాట లేదు. టీ ఇస్తే తాగేది.

ఆపరేషన్ చేయించుకుంది. పుస్తకం వచ్చింది. తన చోట కూర్చుని, వేలు పెట్టుకోకుండా చదువుకుంటోంది కూడా. నేను రెండుసార్లు క్షమించమని అడిగితే “ఠీక్ హై లే” అంది. కానీ సంఘం ముందు నిలబడి చదవమని పాస్టరుగారు ఎన్నిసార్లు పిలిచినా, ఆవిడ మళ్లీ లేవలేదు.