జల్‌పల్లిలో రెండో మిషన్

మొఘల్‌పురాలో పాలవాళ్ల వైకుంఠం ఇల్లెక్కడంటే ఎవరైనా చూపిస్తారు. తండ్రి జీవితమంతా బర్రెలతోనే గడిపాడు. కొడుకు యూనిక్స్ అనే కంప్యూటర్ విద్య నేర్చుకుని, రెండువేల ఐదులో ముందుగదిలో కంప్యూటర్ పెట్టాడు. మావాడేం పని చేస్తాడో చుట్టాలకు చెప్పలేక తల్లి కొమురమ్మ తల పట్టుకునేది.

పని చిన్నదే. దుకాణాల ఇంటర్నెట్ పేర్లు అతని దగ్గరుండేవి. ఇంటర్నెట్‌లో ఎవరు ఆ పేరు అడిగినా, ఆ దుకాణం సైటు, మెయిలు ఏ కంప్యూటర్లో ఉన్నాయో ఆ నంబరు చెప్పాలి. అలా చెప్పే ప్రోగ్రాము రాత్రింబగళ్లు తెరవెనక నడుస్తూనే ఉండాలి. ఒక్క మిషన్‌ను నమ్ముకోలేరు కాబట్టి రెండోది జల్‌పల్లిలో స్నేహితుడు సీమోను అద్దెగదిలో పెట్టారు. ఒకటి ఆగితే ఇంకొకటి జవాబిస్తుంది, అడిగినవాళ్లకు తేడా తెలియదు. సీమోనుకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నది వైకుంఠం ఒక్కడే.

గొడవ గుడిమల్కాపూర్ పూల వ్యాపారి గుండయ్య మూలంగా వచ్చింది. ఆయన పేరుకు కొత్త నంబరు పెట్టినప్పుడు, ఆ పేర్ల ఫైలు మారిందని రెండో మిషన్‌కు తెలిసేలా వైకుంఠం అందులో వరుస సంఖ్య పెంచాలి. మరిచాడు. సీమోను మిషన్ పాత నంబరే చెబుతూ పోయింది. పెళ్లి ఆర్డర్ల మెయిళ్లు సగం గల్లంతయ్యాయి. గుండయ్య ఇంటిమీదికొస్తే, వైకుంఠం సీమోనును పిలిపించి ఆయన ముందే కడిగేశాడు.

"గింత పని గూడ చాతగాదా నీకు?"

సీమోను చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తప్పు తనదేనని సాయంత్రానికి వైకుంఠానికి తెలిసింది. అప్పుడే పోయి ఒక్క మాట చెబితే అయిపోయేది. ఈ మగవాళ్ల పౌరుషాలు ఎందుకు పనికొస్తాయో నాకైతే అర్థం కాదు.

అంతకుముందు వైకుంఠం పొద్దున లేస్తూనే, చాయ్ కూడా తాగకుండా, సీమోను మిషన్‌నే ప్రత్యేకంగా ఒక పేరు అడిగేవాడు. జవాబు రాకపోతే ఫోను, ఫోను ఎత్తకపోతే బండి. గొడవయ్యాక మొహం చెల్లక ఆ అలవాటు మానేశాడు. ఏ మిషన్‌నని చెప్పకుండా ఊరికే పేరు అడిగేవాడు, పక్కనున్న తన మిషనే ఠక్కున చెప్పేసేది. అంతా సవ్యంగానే ఉంది, వాడింకా అలక మానలేదు అనుకున్నాడు. బయట ముసురు పట్టింది, ఊరంతా జ్వరాలు.

ఒకరోజు సీమోను ఇంటి ఓనరు లలితమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. వైకుంఠం పోయేసరికి సీమోనును వాకిట్లో మంచంమీద పడుకోబెట్టి, మొహం మీదిదాకా దుప్పటి కప్పారు. లోపల మిషన్ ఆగిపోయి ఉంది.

"జరమొచ్చి పన్నడు బిడ్డా. వానకు కరెంటు పోయి మిషన్ బందైంది, మల్ల పెట్టనీకి లేవలేకపాయె. దవాఖానకు పోదామంటే రేపు, రేపు అన్నడు. నీకు ఫోన్ చేస్తనంటే వద్దన్నడు."

"ఎందుకమ్మా?"

"'పొద్దుగాల నా మిషన్‌నే ముందుగాల అడుగుతడమ్మా వాడు. జవాబు రాకుంటే ఫికర్‌తోని ఉరికొస్తడు, సూడు' అన్నడు. బండి సప్పుడైతే సాలు, తలుపు దిక్కు సూసెటోడు. నీకు తెల్వలేదా బిడ్డా?"

వైకుంఠం మంచం పక్కన కూలబడ్డాడు. దుప్పటి కింద సీమోను చేయి వెతికి పట్టుకుని, పసిపిల్లాడిలా వెక్కుతూ అన్నాడు.

"అడగలేదమ్మా... నేను అడగనే లేదు."