కట్ట మీద బుగ్గయ్య పొయ్యి

నర్సింహమ్మకు ఓపిక తక్కువ. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కట్ట మీద ఆమె బండి దగ్గర చేపలు తిన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ముక్క ఇంకా వేగలేదా అని ఎవరైనా రెండోసారి అడిగితే, "నువ్వే గరిటె పట్టు, నేను కూసుంట" అనేది. చేపలు పట్టే ఇంట్లో పుట్టి, చేపలు పట్టే ఇంటికే కోడలిగా వచ్చింది. చెరువు ఎండిన ఏళ్లలో భర్త బుగ్గయ్య వల చుట్టి అటక మీద పడేసి, మహేశ్వరం వైపు ప్లాట్ల వెంచర్లలో కాపలాకు పోయాడు. ఆమె మాత్రం చేపను వదల్లేదు. ఎక్కడెక్కడి నుంచో తెప్పించుకుని, మసాలా పట్టించి, వేయించి అమ్ముతూనే కూతురు శివానిని డిగ్రీ దాకా చదివించింది. ఆ పిల్ల ఇప్పుడు కొంగరకలాన్ వైపు ఉద్యోగానికి పోతోంది.

బుగ్గయ్యతో ఆమెకున్న గోల ఒక్కటే. అతను ఊరికే ఉండడు. పాత కూలర్ బాగుచేస్తానని పరుపులన్నీ తడిపాడు. బండికి నీడ కోసం రేకు కడితే అది గాలికి లేచిపోయి ఎవరి కారు మీదో పడింది. పోనీ చెడిందేదో చెడింది, నోరు మూసుకుంటాడా? ఎందుకు చెడిందో ఆమెను కూర్చోబెట్టి మరీ చెబుతాడు. ఆమెకు ఒళ్లు మండేది అక్కడే.

ఆ వానాకాలం చెరువు నిండి, నీళ్లు అలుగు మీది నుంచి పొర్లి మత్తడి దుంకింది. చూడ్డానికి సిటీ నుంచి కార్లకు కార్లు దిగాయి. నర్సింహమ్మ పెద్ద గంగాళం నిండా బొచ్చె చేప ముక్కలకు మసాలా పట్టించి తెచ్చుకుంది. తీరా పెనం పెట్టి స్టవ్ వెలిగిస్తే మంట ఒక్కసారి ఎగిరి ఆరిపోయింది. సిలిండర్ ఖాళీ. ఫోన్ చేస్తే, దారిలో వాగు పొంగింది, బండి రాదన్నాడు గ్యాసు తెచ్చే మనిషి.

"రేపు పొద్దుగాల వస్తదక్కా."

"రేపటి దాంక చేప ఆగుతదా?" అని ఫోన్ పెట్టేసింది.

మూడు రాళ్లు పెట్టి కట్టెలు అంటించింది. కట్ట మీద గాలి మంటను పెనం కిందికి రానిస్తేగా! అంతా పక్కకే పోతోంది. కట్టెలా, సగం తడివి. నూనె కాగలేదు, ముక్కలు పెనానికి అంటుకుపోయాయి. పొగకు కళ్లు తుడుచుకుంటూ జనం పక్కనున్న మొక్కజొన్న కంకుల బండి వైపు జరిగారు.

"నేను పొయ్యి జేస్త," అన్నాడు ఆ రోజు కాపలా పని లేక బండి దగ్గరే ఉన్న బుగ్గయ్య.

"వద్దు."

"గాలి తగలకుండ, మంట నిలువున లేచేటట్టు జేస్త. ఫోన్ల చూసిన. జర ఆగు."

"నీ జర ఎంతనో నాకు ఎరుకే. నన్ను సతాయించక పో!"

అందులో 'పో' ఒక్కటే అతనికి వినపడింది. పోయాడు. ఖాళీ నూనె డబ్బాకు ఉలితో కింద కన్నం కొట్టి పట్టుకొచ్చాడు. మంట బాగానే అందుకుంది. చూస్తుండగానే పలచటి రేకు ఎర్రబడి, మెత్తబడి, ఒక పక్కకు ఒరిగింది. పెనం జారి నూనె అంతా మట్టిపాలైంది.

"రేకు పలచన అయింది, అందుకే..." అంటూ మొదలుపెట్టాడు.

"చెప్పకు! నాకేం చెప్పకు!"

రెండోసారి ఇనప పెయింట్ డబ్బా తెచ్చాడు. మధ్యలో లావుపాటి గొట్టం నిలబెట్టి, కట్టెలు పెట్టడానికి కింద అడ్డంగా ఇంకో గొట్టం అతికించి, చుట్టూ బూడిద కూరాడు. వెల్డింగ్ దుకాణానికి వెళ్లి మరీ చేయించుకొచ్చాడు. చూపుకు బాగానే ఉంది. కానీ డబ్బాకున్న పాత రంగును ముందే కాల్చేయలేదు. వేడెక్కగానే అది మాడి కంపు లేచింది. మొదటి వాయి ముక్కలన్నీ పెయింటు వాసన. కట్ట మీది కుక్క కూడా వాసన చూసి తల తిప్పుకుంది.

కాసేపటికి రంగు మాడిపోయి కంపు తగ్గింది. అప్పుడు ఇంకో తిప్పలు వచ్చింది. కట్టెలు లోపలికి తోసి మంట పెంచి, మళ్లీ పెనం పెట్టగానే పొయ్యి ఉక్కిరిబిక్కిరై, మంట వెనక్కి తిరిగి కట్టెలు పెట్టే నోట్లోంచి బయటికి తన్నింది. బుగ్గయ్య మీసం ఒక పక్క చుర్రుమంది.

చేపల కోసం ఆగిన భుజంగరావు ఇదంతా చూస్తున్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి మన్నెగూడలో ఇల్లు కట్టుకున్న పెద్దమనిషి. "గాలి చాలట్లేదమ్మా దానికి. కింద ఇంకో కన్నం పెట్టించండి," అన్నాడు.

"కన్నం గాదు సార్, నోరే పెద్దగ జేయాలె," అన్నాడు బుగ్గయ్య మీసం తడుముకుంటూ.

"గొట్టం ఇంకాస్త పొడుగుంటేనో?"

ఇద్దరూ వంగి పొయ్యిలోకి చూడసాగారు. నర్సింహమ్మకు తల తిరిగిపోయింది.

"మీకు చేప గావాల్నా, పొయ్యి గావాల్నా సారూ?"

"ముందు పొయ్యి తేలితే కదమ్మా చేప," అన్నాడాయన నెమ్మదిగా.

ఇక ఆమె వల్ల కాలేదు. "మీరే వండుకోండ్రి, మీరే తినుండ్రి. నేను ఇంటికి పోతున్న!" అంటూ రెండు గుడ్డలతో పెనం పట్టుకుని విసురుగా పైకి లేపింది.

అంతే, బుస్సుమంటూ మంట నిలువునా లేచింది. పొగ లేదు. కింద నోట్లోంచి బయటికి రావడం మానేసింది. ముగ్గురూ నోరు తెరిచి చూశారు. పెనం గొట్టానికి మూతలా కూర్చోవడమే తప్పని అప్పుడు బోధపడింది. మంటకు పోయే దారి లేదు మరి.

బుగ్గయ్య బండి కింద వెతికి మూడు లావుపాటి నట్లు తెచ్చి గొట్టం అంచు మీద పెట్టాడు. నర్సింహమ్మ వాటి మీద పెనం దించింది. మంట పెనం కింద నాలుగు వైపులా పరుచుకుంది. నూనె కాగింది. ముక్క వేయగానే చుయ్యిమంది.

సాయంత్రం జల్లు పడి జనం పల్చబడే లోపు గంగాళంలో సగానికి పైగా అమ్ముడుపోయింది. మిగిలినవి పక్క బండ్ల వాళ్లకు పంచింది. భుజంగరావు రెండు ప్లేట్లు తిని, పొయ్యికి ఫోటో తీసుకుని వెళ్లాడు. పోతూ పోతూ, కింద ఇంకో కన్నం ఉంటే ఇంకా బాగుండేదన్నాడు.

బండి సర్దుకుని ఇంటికి చేరేసరికి శివాని వచ్చి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా బుగ్గయ్య అందుకున్నాడు. "చూడు బిడ్డా, మంటకు పైన సందు ఉండాలె. అసలు సంగతి గది. నాకు ముందే అనుమానం ఉండె..."

"ముందే అనుమానం ఉండెనా?" నర్సింహమ్మ గంగాళం దడాలున కింద పెట్టింది. "మరి నా నూనె మన్నుల పోయినప్పుడు ఏం జేసినవ్?"

"గదే చెప్తున్న. రేకు పలచన అయింది..."

శివానికి నవ్వు ఆగలేదు. నర్సింహమ్మకు మాత్రం నవ్వు రాలేదు. అతను చేసింది ఇన్నేళ్లలో మొదటిసారి పనికొచ్చింది. ఇక జన్మంతా ఈ కథ వినాలి కదా అని ఆమె బాధ.

"పొయ్యి మంచిగనే ఉంది. ఇగ చాలు," అంది చివరికి. "పోయి ముందుగాల మొఖం కడుక్కో. సగం మీసంతోటి ఎట్లున్నవో చూసుకో."