మాస్టారి చివరి మార్పు

మా మాస్టారు పోయారు. గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుతూ, మాలాంటి కొంతమందిని పోగేసి, తెలుగు అచ్చువేసే ప్రోగ్రాం ఒకటి తయారుచేయించి అందరికీ ఊరికే పంచిపెట్టిన మనిషి. ఆ కబురు ఫోన్లో తెలిసేసరికి నేను మంగళగిరిలో ఆఫీసుకి వెళ్లే ఆటోలో ఉన్నాను. దిగి రోడ్డు పక్కన కాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు. సాయంత్రం మా బృందం మెయిల్స్ తెరిచాక మాత్రం ఒళ్లు మండింది.

తీరని లోటని ఒకరు రాశారు. ఒక శకం ముగిసిందని ఇంకొకరు. మాస్టారు రాసిన పత్రాన్ని మొదటి పేజీ దాటి చదవని పెద్దమనుషులంతా ఆయన ఆశయాలని ముందుకు తీసుకెళ్తామని ప్రమాణాలు చేశారు. ఆ ఆశయాలేమిటో చెప్పమంటే నీళ్లు నమిలే బాపతే అందరూ.

ఆ పత్రం సంగతి చెప్పాలి. మా ప్రోగ్రాంకి యజమాని లేడు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది మాకు పంపచ్చు. ఒంగోల్లో ఒకరు, నరసరావుపేటలో ఒకరు, అప్పట్లో దాచేపల్లిలో ఉండే నేను, ఎవరింట్లో వాళ్లం మార్పులు రాసేవాళ్లం. అవన్నీ ఒక అసలు ప్రతిలో కలవాలి. ఒకే చోట ఇద్దరు రెండు రకాలుగా మార్చి ఉంటే కంప్యూటర్ ఆగిపోయి, ఎవరిది ఉంచమంటారని అడుగుతుంది. అప్పుడేం చేయాలి, అసలు ప్రతిని ముట్టుకునే అనుమతి ఎవరికి ఉండాలి, ఇదే ఆ పత్రంలో ఉన్నది. మాస్టారు దాన్ని మామూలు తెలుగులో రాశారు. కలపడాన్ని కలపడం అనే రాశారు. దానికి 'సంవిలీనీకరణం' అని పేరుపెడితే గంభీరంగా ఉంటుందని ఒక పండితుడు సలహా ఇస్తే, ఆ మాట అచ్చువేసే ఓపిక మన ప్రోగ్రాంకి లేదని జవాబిచ్చారు.

మాస్టారు సౌమ్యులని కూడా ఎవరో రాశారు. ఆ రాసినాయన మాస్టారిని ఎప్పుడూ కలిసి ఉండడు. ఆయన నోటికి భయపడి సెంటర్ మెట్ల దగ్గరే ఆగిపోయి, టీ తాగి ధైర్యం తెచ్చుకుని పైకెళ్లిన రోజులు నాకున్నాయి. నా మొదటి మార్పుని కాగితం మీద ప్రింటు తీసి, ఎర్ర రీఫిల్‌తో నిండా గీతలు కొట్టి నా ముందు పెట్టారు. నడిపి చూశావా అని అడిగితే చూశానన్నాను.

"దేనిమీద చూశావ్? ఇంక్‌జెట్ మీదా? పల్లెటూరి బళ్లలో ఉండేది పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు. దాని మీద కాగితం బయటికొచ్చిందాకా చూడందే, చూశానని నా దగ్గర అనబాక."

ఆయన మటుకు అలాగే చూసేవారు. ప్రింటరు మొదలవగానే ఫ్యాను కట్టేసి, చొక్కా కాలరు కింద జేబురుమాలు దోపుకుని, పేజీ పూర్తిగా బయటికి వచ్చేదాకా కూర్చునేవారు కాదు. టీ వస్తే సాసర్లో పోసుకుని నిలబడే తాగేవారు. ఆయన నోటివెంట బావుంది అన్నమాట నేనెప్పుడూ వినలేదు. బాగా చేసిన రోజున, "ఇంకేం తప్పు కనపళ్లేదు" అనేవారు. ఆ మాట కోసం దాచేపల్లి నుంచి బస్సులో నిలబడి వచ్చేదాన్ని. ఇవాళ నా చేతిలో ఉన్న పని, నాకున్న కాస్త పొగరు, రెండూ ఆ మాట పెట్టిన భిక్షే.

మనవాళ్లు మాత్రమే చేయగల తప్పు ఒకటి ఉంది. మాస్టారి మార్పుకీ తమ మార్పుకీ పేచీ వచ్చి, ఎవరిది ఉంచమంటారని కంప్యూటర్ అడగగానే, మావాళ్లు కళ్లు మూసుకుని మాస్టారిది ఉంచి తమది తుడిచేసేవాళ్లు. ఒంగోలు లెక్చరర్ ఒకాయన ఎంతో కష్టపడి, పట్టికల్లో గీతలు వంకర పోకుండా సరిచేశాడు. కొన్నాళ్లకి వంకర మళ్లీ వచ్చింది. ఎవరు చెడగొట్టారా అని వెతికితే ఆయనే. మాస్టారి పాత పంక్తులు అడ్డం వస్తే, పెద్దాయన రాత కదా అని తన మంచి పనిని తనే తీసి పారేశాడు. పైగా ఆ మాట వినయంగా, మెచ్చుకుంటారన్నట్టు చెప్పాడు.

మాస్టారు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశారు.

"నాకు దణ్ణం పెట్టాలనుంటే ఇంటికి రండి. కాళ్లు నా దగ్గరే ఉంటాయి, ఎక్కడికీ పోవు. ఫైల్లో మాత్రం పెట్టబాకండి."

ఆ వారమే పత్రంలో కొత్త పేరా చేరింది. కలిపేటప్పుడు ఎవరు రాశారో చూడకండి, ఏం రాశారో చూడండి అని. అనుమతి ఉన్నవాళ్ల పేర్లలోంచి తన పేరు తనే తీసేసుకున్నారు. అప్పటి నుంచి ఆయన రాసింది కూడా మా రాతల్లాగే ఎవరో ఒకరి పరిశీలనకి రావాలి, బాగోకపోతే తిరిగి వెళ్లాలి. సీనియర్లు లబోదిబోమన్నారు. గుడి కట్టుకుందామనుకుంటే విగ్రహం లేచి నడిచి వెళ్లిపోయినట్టు వాళ్ల బాధ.

అనుమతి అంటే మనవాళ్లకి పదవి. ఒకాయన ఒక్క మార్పూ కలిపిన పాపాన పోలేదు కానీ, పెళ్లి శుభలేఖలో తన పేరు కింద ఆ హోదా అచ్చువేయించుకున్నాడు. ఒక కాలేజీ కరస్పాండెంట్ స్వీటు డబ్బాతో వచ్చి, అల్లుడికి ఒక అనుమతి ఇప్పించమన్నాడు. మీ అల్లుడు అలుగుతాడా అండీ అని మాస్టారు అడిగారు. అల్లుడన్నాక అలగడా అని ఆయన నవ్వాడు. అయితే మాకు పనికిరాడన్నారు మాస్టారు. పత్రంలో ఉన్న నియమం కూడా అదే. తప్పు చూపించి తిప్పి పంపితే అలగకుండా సవరించి మళ్లీ పంపేవాళ్లకే అనుమతి. ఇంకో నియమం, వచ్చిన మార్పు ఏదైనా నెలకి మించి గుమ్మంలో నిలబడకూడదు. కలపాలి, లేదా కారణం రాసి తిప్పి పంపాలి. నాన్చడం పిరికితనమని ఆయన అభిప్రాయం.

ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచే ఆయన ఒక మార్పు పంపారు. డాట్ మ్యాట్రిక్స్ మీద తెలుగు పేజీ పడటానికి ఊరికి వెళ్లి వచ్చినంతసేపు పట్టేది. దాన్ని త్వరపెట్టే మార్పు. పరిశీలన నా వంతు. పేజీ చకచకా వచ్చింది, సంతోషమేసింది. తీరా చూస్తే అడుగున ఆఖరి పంక్తి లేదు. మళ్లీ వేశాను, మళ్లీ లేదు. పాపం, ఆయన తెర మీద మాత్రమే చూసుకుని ఉంటారు, ప్రింటరు దాకా లేచే ఓపిక లేక. ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కుంటుండగానే ఆ ఫోను వచ్చింది.

ఇక సంతాపాలు ముగిశాక మావాళ్లకి మహత్తరమైన ఆలోచన వచ్చింది. మాస్టారి చివరి మార్పుని, అక్షరం ముట్టుకోకుండా, ఆయన ఫొటోతో సహా నివాళిగా అసలు ప్రతిలో కలపాలట. తప్పుందన్నాను. సవరించి కలుపుదామన్నాను. ఆయన రాతని సవరించడం అపచారమన్నారు. హైదరాబాదులో పెద్ద ఉద్యోగం చేస్తున్న సీనియర్ ఒకాయన ప్రత్యేకంగా ఫోన్ చేశాడు. ఒక్క పంక్తే కదమ్మా అన్నాడు. ఆ ప్రోగ్రాంతో పల్లెటూరి బళ్లలో పరీక్ష పేపర్లు వేసుకుంటారని, పోయే పంక్తిలో పిల్లల చివరి ప్రశ్న ఉంటుందని చెప్పాను.

"మనిషే పోయాడమ్మా. ఇప్పుడు కూడా ఆయనలో తప్పులు వెతకాలా?"

ఆ గొంతులో జాలి నా మీద. ఇన్నేళ్లూ ఆ మనిషి దగ్గర వీళ్లు నేర్చుకున్నది ఇంతేనా అని అసహ్యం వేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం ధైర్యం చాలలేదు. నెల గడువు దగ్గరికి వచ్చేస్తోంది. అందరూ ఒక పక్క, నేనొక్కదాన్నీ ఒక పక్క. ఆయన్ని కించపరుస్తున్నానేమో అన్న భయం నాకూ పట్టుకుంది.

పెద్దకర్మ అయిన వారానికి బ్రాడీపేటలో వాళ్లింటికి వెళ్లాను. మాస్టారి భార్య ముందుగదిలో మినప్పప్పు చెరుగుతోంది. విషయమంతా చెప్పి, ఏం చేయమంటారాంటీ అని అడిగాను. ఆవిడ చాట కింద పెట్టలేదు.

"ఆయనున్నప్పుడు తప్పు రాస్తే తిప్పి పంపేదానివా?"

"పంపేదాన్నండీ."

"మరి పోయాక చిన్నపిల్లాడయ్యాడా ఏంటి, ఏది రాసినా చప్పట్లు కొట్టడానికి?"

చాట పక్కన పెట్టి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. ముందుగదిలో స్టూడెంట్లు వాడే కంప్యూటర్ ఉంది. దాని ముందు కూర్చుని మాస్టారి మార్పు తెరిచాను. కారణం రాయాల్సిన చోట చాలాసేపు ఆగాను. శ్రద్ధాంజలి మాటలు కొన్ని వేళ్ల దాకా వచ్చాయి. అవి రాస్తే ఆయన వాటి కింద ఎర్ర గీత కొడతారు. చివరికి అందరికీ రాసినట్టే రాశాను. "డాట్ మ్యాట్రిక్స్ మీద ఆఖరి పంక్తి పడటం లేదు. సవరించి పంపగలరు." తిప్పి పంపేశాను.

లోపల, మాస్టారి మంచం పక్కన ఇంకా ఎవరూ కట్టేయని కంప్యూటర్ చిన్నగా మోగింది. మార్పు తిప్పి పంపితే, దాన్ని రాసినవాళ్లకి దానంతటదే మెయిల్ వెళ్తుంది. ఆ సంగతి ఆ క్షణానికి నాకు తట్టలేదు.

టీ గ్లాసుతో వస్తున్న ఆంటీ ఆ గది గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలికి వెళ్లలేదు, నా వైపూ తిరగలేదు.

"అమ్మాయ్, మీ మాస్టారికి ఏదో వచ్చినట్టుంది" అంది.