స్కేటింగ్ హాలులో పడకలు

వానలకు చెరువు పొంగి దిల్‌సుఖ్‌నగర్‌లో పల్లపు కాలనీ ఇళ్ళు మునిగాయి. ఆ జనాన్ని ఎల్బీనగర్‌లో నా మనవరాలు నేర్చుకునే స్కేటింగ్ హాలులో ఉంచారు. ఆదివారం అక్కడే ఛాంపియన్‌షిప్. జరపాలా వద్దా అని పిల్లల తల్లిదండ్రులు, ఆటంటే పడిచచ్చేవాళ్ళు గేటు దగ్గర వాదులాడుకున్నారు.

"పిల్లలు ఏడాదంతా కష్టపడ్డారండీ. పోటీ పెట్టి, అక్కడే వీళ్ళకు చందాలు వసూలు చేద్దాం," అందొకావిడ.

"మరి రాత్రికి వీళ్ళు ఏడ పండాలమ్మా? మీ చందాలు పరుచుకొని పండుతరా?" అన్నాను.

"అత్తమ్మా, జర ఊకోండి," అని కోడలు నా చెయ్యి లాగింది.

మాది పోచంపల్లి నేత ఇల్లు. వానకు ఒక్కరి మగ్గం గుంటలో నీళ్ళు నిండినా, అవి తోడేదాకా మా వీధిలో ఎవరూ నేతకు కూర్చునేవారు కాదు. నష్టం అందరికీ ఉండేది. దాని మీద ఎవరూ చర్చ పెట్టలేదు.

ఇక్కడ చర్చించి, శనివారమే ఆ కుటుంబాలను తడి పరుపులతో సహా పక్క బడి వరండాలోకి తోలారు. హాలును ఫినాయిల్‌తో కడిగించారు.

పోటీలో మనవరాలు గెలిచిందట. పసిపిల్ల, దాని మీద నాకు కోపం లేదు. నేను చూడటానికి పోలేదు. బడి వరండాలో ఆ కుటుంబాలకు నేను పప్పన్నం వడ్డిస్తుంటే హాలులోంచి పెద్దవాళ్ళ చప్పట్లు వినిపించాయి. ఒళ్ళు మండిపోయింది.